ఈఎస్‌డీలో ట్రాక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నవాహిక, కడుపు, పెద్దపేగుల్లో తొలిదశలో ఉన్న కణితుల్ని పొట్ట కోయకుండా, ఎండోస్కోప్‌తోనే ఒకే ముక్కగా ఒలిచి తీయడాన్ని ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్ అంటారు. వాడుకలో ఈఎస్‌డీ. కోసేటప్పుడు కణజాలాన్ని లాగి బిగువుగా పట్టడమే ట్రాక్షన్. ఈ పేజీ ముఖ్యంగా ఈఎస్‌డీ నేర్చుకుంటున్న డాక్టర్లకూ, వాళ్ల పక్కన నిలబడి పనిచేసే టెక్నీషియన్లకూ, నర్సులకూ ఉద్దేశించింది. రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

అసలు ట్రాక్షన్ ఎందుకు?

పేగు గోడలో లోపలి నుంచి బయటికి వరుసగా మ్యూకోసా, సబ్‌మ్యూకోసా, కండర పొర ఉంటాయి. తొలిదశ కణితి మ్యూకోసాలో ఉంటుంది. మనం కోయాల్సింది దాని కిందున్న సబ్‌మ్యూకోసాని. మందు ఎక్కించి ఉబ్బించినా ఆ పొర మందం కొద్ది మిల్లీమీటర్లే. దాని కిందే కండర పొర. పెద్దపేగులో అదీ చాలా పలుచన. కాస్త లోతుగా పోతే చిల్లు, కాస్త పైకి పోతే కణితిలోకే కోత.

సర్జన్‌కి ఎడమచెయ్యి ఉంది. ఫోర్సెప్స్‌తో కణజాలాన్ని ఎత్తి పట్టుకుని కుడిచేత్తో కోస్తాడు. ఎండోస్కోపిస్టుకి ఉన్నది ఒక్క ఛానెల్ (స్కోప్‌లో పరికరాలు పంపే దారి), అందులో ఒక్క నైఫ్. బట్టని రెండో చేత్తో బిగించి పట్టకుండా కత్తెర వేస్తే ఎలా ముడతపడి జారుతుందో, వదులుగా ఉన్న సబ్‌మ్యూకోసా కూడా నైఫ్ ముందు అలాగే జారిపోతుంది. కోసిన అంచు మళ్లీ కిందికి వాలి దారి మూసేస్తుంది. ట్రాక్షన్ ఉంటే అంచు పైకి లేచి, ఎక్కించిన రంగు వల్ల నీలంగా ఉన్న సబ్‌మ్యూకోసా విప్పారుతుంది, రక్తనాళాలు ముందే కనిపిస్తాయి, బిగువుగా ఉన్న పోగులు కొద్దిపాటి కరెంటుకే తెగుతాయి.

క్యాప్, ఇంజెక్షన్, గురుత్వాకర్షణ సరిపోవా?

చాలా కేసుల్లో సరిపోతాయి. వీటిని సరిగ్గా వాడకుండా పరికరాల వైపు పరిగెత్తడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

స్కోప్ కొనకి తొడిగే పారదర్శక క్యాప్‌ని కోసిన అంచు కిందికి దూర్చితే అదే చిన్న ట్రాక్షన్. హైల్యురోనిక్ యాసిడ్ ద్రావణం ఉబ్బుని సెలైన్ కంటే ఎక్కువసేపు నిలబెడుతుంది. ఇక గురుత్వాకర్షణ. కొంచెం నీళ్లు వదిలి చూడండి. నీరు చేరేది దిగువ. కణితి దానికి ఎదురువైపు, అంటే పైన ఉండేలా రోగిని తిప్పాలి. అప్పుడు కోసి విడదీసిన భాగం (ఫ్లాప్) దాని బరువుకి అదే కిందికి వేలాడి దారి తెరుస్తుంది. రక్తం కూడా పని చేసే చోట నిలవకుండా అటు జారిపోతుంది.

చిక్కల్లా తిప్పడంలోనే ఉంది. తేలికపాటి మత్తులో ఉన్న రోగిని పక్కకి తిరగమంటే తిరుగుతాడు. ప్రోపోఫోల్‌తో గాఢమైన మత్తులోనో, గొంతులో ట్యూబుతో జనరల్ అనస్తీషియాలోనో ఉన్న మనిషిని సగంలో తిప్పాలంటే నలుగురు కావాలి, మత్తు డాక్టర్ ఒప్పుకోవాలి. అలా చేసే సెంటర్లలో క్లిప్ ట్రాక్షన్ (అంచుకి క్లిప్ పెట్టి లాగడం) అవసరం సహజంగానే ఎక్కువ.

ట్రాక్షన్ వాడితే నిజంగా తేడా ఉంటుందని రుజువుందా?

ఉంది, కానీ అవయవాన్ని బట్టి. జపాన్‌లో పలు ఆసుపత్రులు కలిసి చేసిన రెండు పెద్ద పరీక్షల్ని గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది కడుపు మీద చేసిన కనెక్ట్-జీ. 2018లో వెలువడింది. 640 మంది రోగుల్ని సగం మందికి మామూలు ఈఎస్‌డీ, సగం మందికి క్లిప్‌కి డెంటల్ ఫ్లాస్ కట్టి లాగే ఈఎస్‌డీగా విడదీశారు. సగటు సమయం ట్రాక్షన్‌తో 58 నిమిషాలు, లేకుండా 61 నిమిషాలు. తేడా లేనట్టే. అయితే కడుపు పైభాగం, మధ్యభాగాల గ్రేటర్ కర్వేచర్ (కడుపు పెద్ద వంపు) మీద ఉన్న కణితుల్ని మాత్రమే విడిగా చూస్తే ట్రాక్షన్‌తో 57 నిమిషాలు, లేకుండా 104 నిమిషాలు! దాదాపు సగం. కారణం ఊహించడం కష్టం కాదు. రోగి ఎడమవైపు పడుకున్నప్పుడు ఆ చోటు అన్నిటికన్నా దిగువన ఉంటుంది. నీరు, రక్తం అక్కడే మడుగు కడతాయి, ఫ్లాప్ గోడకి అతుక్కుపోతుంది. గురుత్వాకర్షణ మనకి పూర్తిగా ఎదురుతిరిగే చోటు అది. చిల్లు పడటం కూడా ట్రాక్షన్ గుంపులో తక్కువ.

రెండోది అన్నవాహిక మీద చేసిన కనెక్ట్-ఈ, 2020లో వచ్చింది. సుమారు 240 మంది. ట్రాక్షన్‌తో 44.5 నిమిషాలు, లేకుండా 60.5 నిమిషాలు. ఇక్కడ తేడా మొత్తం గుంపులోనే స్పష్టంగా ఉంది.

వీటిని బట్టి మా సలహా: అన్నవాహికలో చుట్టూ కోత పూర్తవగానే ట్రాక్షన్ పెట్టేయండి, ఆలోచించనక్కర్లేదు. కడుపు పైభాగం, మధ్యభాగాల గ్రేటర్ కర్వేచర్‌లోనూ అంతే. యాంట్రమ్‌లో (కడుపు కింది భాగం) 15 మి.మీ. కణితికి దారం కట్టడం సాధారణంగా అనవసరపు హడావిడి. పెద్దపేగులో కణితి పెద్దదైనా, మడత మీద ఉన్నా, స్కోప్ మాట వినకపోయినా వాడాలి.

క్లిప్‌కి దారం కట్టే పద్ధతి వరుసగా చెప్పండి.

2000ల మొదట్లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా చవక. కావాల్సినవి: మామూలు హీమోస్టాటిక్ క్లిప్, దాని అప్లికేటర్, సుమారు మీటరున్నర డెంటల్ ఫ్లాస్ లేదా 3-0 సిల్క్ దారం, ఒక చిన్న ఆర్టరీ ఫోర్సెప్స్.

ముందు కణితి చుట్టూ మార్కులు వేసి, వాటి బయటగా చుట్టూ కోత పూర్తి చేయాలి. తర్వాత క్లిప్ పెట్టబోయే అంచు దగ్గర కొంచెం డిసెక్షన్ చేసి, పట్టుకోవడానికి పెదవిలాంటి అంచు తయారుచేయాలి. ఈ పని మానేసి క్లిప్ పెడితే అది జారుతుంది, లేదా కిందున్న కండరాన్నీ కలిపి కరుస్తుంది.

ఇప్పుడు స్కోప్ బయటికి తీయాలి. టెక్నీషియన్ క్లిప్ అప్లికేటర్‌ని ఛానెల్ గుండా పంపి, స్కోప్ కొన నుంచి క్లిప్ బయటికి వచ్చేలా చేస్తారు. క్లిప్‌కి రెండు చేతులుంటాయి. దారాన్ని ఒక్క చేతికే, దాని మొదలు దగ్గర, రెండు మూడు ముళ్లతో కట్టాలి. రెండు చేతుల్నీ కలిపి కడితే క్లిప్ తెరుచుకోదు. కొన దగ్గర కడితే దారం క్లిప్ పంటి కిందికి వచ్చి కాటుని వదులు చేస్తుంది. ముడి తర్వాత మిగిలిన పొట్టి కొసని 2, 3 మి.మీ. ఉంచి కత్తిరించాలి, పొడవుగా వదిలితే కెమెరా ముందు ఊగుతూ విసిగిస్తుంది.

క్లిప్‌ని మళ్లీ ఛానెల్ మూతి లోపలికి లాక్కోవాలి. దారం మాత్రం క్యాప్ అంచు మీదుగా స్కోప్ బయటి పక్కన వెనక్కి నడవాలి. స్కోప్‌ని లోపలికి పంపేటప్పుడు దారం స్కోప్‌కి చుట్టుకోకుండా టెక్నీషియన్ వేలితో వదులుగా వదులుతూ పోవాలి. ఓవర్‌ట్యూబ్ (స్కోప్ చుట్టూ తొడిగే గొట్టం) వాడుతుంటే ఈ పని చాలా సుళువు: దారం ట్యూబుకీ స్కోప్‌కీ మధ్య స్వేచ్ఛగా కదులుతుంది, గొంతు దగ్గర రాపిడి ఉండదు.

కణితి దగ్గరికి చేరాక క్లిప్ తెరిచి, సిద్ధం చేసుకున్న అంచుని కరిపించి వదిలేయాలి. అప్లికేటర్ తీసేసి నైఫ్ పెట్టుకోవాలి. ఇక బయటి నుంచి దారాన్ని మెల్లగా లాగితే అంచు లేస్తుంది. లాగి పట్టుకోవడానికి మనిషిని నిలబెట్టనక్కర్లేదు, దారం కొసకి ఆర్టరీ ఫోర్సెప్స్ తగిలించి వేలాడదీస్తే ఆ బరువు చాలు.

దారం ఎప్పుడూ నోటివైపే లాగుతుంది కదా. వేరే దిక్కు కావాలంటే?

దీని అసలు లోపం అదే. దారం వచ్చే దారి ఒక్కటే కాబట్టి లాగే దిక్కు కూడా ఒక్కటే. అన్నవాహికలో అది మనకి కావాల్సిన దిక్కే. గ్రేటర్ కర్వేచర్‌లోనూ దారం కార్డియా (అన్నవాహిక కడుపులో కలిసే చోటు) వైపు పోతుంది కాబట్టి లాగుడు దాదాపు నిలువుగా పడుతుంది. లెసర్ కర్వేచర్‌లో (చిన్న వంపు), యాంట్రమ్‌లో మాత్రం దారం గోడ వెంబడి అడ్డంగా జారుతుంది. ఫ్లాప్ లేవదు, కణితి మొత్తం మన మీదికి వస్తుంది.

అలాంటప్పుడు కప్పీ పద్ధతి. కణితికి ఎదురు గోడ మీద రెండో క్లిప్ పెట్టి, దారం దాని గుండా మలుపు తిరిగి పోయేలా చేస్తారు. బయట లాగితే లోపల కణితి ఎదురు గోడవైపు లేస్తుంది. జాగ్రత్త ఒక్కటే. రెండో క్లిప్ మూసేటప్పుడు దారం దాని పళ్ల మధ్య నలిగితే ఇక కదలదు. చేతుల మొదట్లో ఉండే ఖాళీలో దారం పడేలా చూసుకుని మూయాలి.

పెద్దపేగులో ఎలా? కుడివైపు కోలన్ దాకా పోయిన స్కోప్‌ని దారం కట్టడానికి మళ్లీ బయటికి తీయాలా?

తీయనక్కర్లేదు. రెక్టమ్, సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి భాగాలు) వరకు దారం పద్ధతి నడుస్తుంది. అంతకన్నా పైన స్కోప్ తీసి మళ్లీ పంపడం కాలయాపన, ఒక్కోసారి మళ్లీ అదే స్థితికి చేరలేం కూడా. అందుకే లోపలే మొదలై లోపలే ముగిసే ట్రాక్షన్లు వచ్చాయి. సూత్రం అన్నిట్లో ఒకటే: ఒక క్లిప్ కణితి అంచు మీద, ఇంకో క్లిప్ ఎదురు గోడ మీద, మధ్యలో సాగేది ఏదో ఒకటి.

జపాన్‌లో పుట్టిన ఎస్-ఓ క్లిప్‌లో మధ్యలో ఉండేది చిన్న స్ప్రింగు, దాని కొసన నైలాన్ ఉంగరం. స్ప్రింగున్న క్లిప్‌ని ఛానెల్ గుండా పంపి కణితి అంచుకి కరిపిస్తారు. తర్వాత మామూలు క్లిప్ ఒక చేతిని ఉంగరంలోకి దూర్చి, దాన్ని ఎదురు గోడకి ఈడ్చుకెళ్లి అక్కడ బిగిస్తారు. ఫ్రాన్స్‌లో ఎక్కువగా వాడేది రెండు క్లిప్పులు, రబ్బర్ బ్యాండ్. అక్కడే లియోన్ బృందం నుంచి ఎ-ట్రాక్ట్ అనే పరికరం వచ్చింది. కణితి అంచుని ఒక్కచోట కాక పలుచోట్ల పట్టే దారపు ఉచ్చులు, వాటిని ఎదురు గోడకి లాగే రబ్బరు ఉంటాయి. డిసెక్షన్ సగానికి వచ్చేసరికి మామూలు బ్యాండ్ వదులైపోతుంది కదా, ఇందులో ఫోర్సెప్స్‌తో లాగి ఉచ్చుని మళ్లీ బిగించవచ్చు. పెద్ద కణితుల్లో ఈ వెసులుబాటు విలువ పని మధ్యలో తెలుస్తుంది.

ఎదురు గోడ మీద క్లిప్ ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో అసలు విద్య. మీరు గుదం వైపు నుంచి కోసుకుంటూ పోతున్నారు, క్లిప్ కణితి గుదం వైపు అంచు మీద ఉంది అనుకుందాం. యాంకర్ క్లిప్, అంటే ఎదురు గోడ మీద పెట్టేది, సరిగ్గా ఎదురుగా, లేదా కొంచెం ముందుకి, అంటే సీకమ్ (పెద్దపేగు మొదలు) వైపు పడాలి. అప్పుడు ఫ్లాప్ లేచి మీ నుంచి దూరంగా ముడుచుకుంటుంది, దాని కింద స్కోప్ దూరడానికి గుమ్మం తెరుచుకుంటుంది. మీ వైపు పెడితే అదే ఫ్లాప్ కెమెరా మీద తెరలా పడుతుంది.

ఇంకో మాట. యాంకర్ పెట్టేముందు గాలి కొంచెం తగ్గించండి. ఎదురు గోడ దగ్గరికి వస్తుంది, బ్యాండ్ సులువుగా అందుతుంది. పెట్టాక గాలి నింపితే గోడ దూరం జరిగి బిగువు దానంతటదే వస్తుంది. ఈ పద్ధతుల్లో బిగువుని పెంచే, తగ్గించే మీట గాలే. గాలి ఎప్పుడూ కార్బన్ డయాక్సైడే కావాలి. ఒకవేళ చిల్లు పడినా పొట్టలో త్వరగా ఇంకిపోతుంది.

దంతవైద్యులు వాడే రబ్బర్ బ్యాండ్లు పనికొస్తాయా?

పళ్లు సరిచేయడానికి వాడే చిన్న ఎలాస్టిక్ బ్యాండ్లనే చాలా సెంటర్లు వాడుతున్నాయి. పనిచేస్తాయి. రెండు విషయాలు: అవి ఈ పనికోసం ఆమోదం పొందిన వస్తువులు కావు, కాబట్టి మీ ఆసుపత్రి నియమాల ప్రకారం అనుమతి, శుభ్రపరిచే పద్ధతి ముందే రాతపూర్వకంగా ఉండాలి. రోగికి లేటెక్స్ అలర్జీ ఉందేమో అడిగి, లేటెక్స్ లేని రకం దగ్గర పెట్టుకోవాలి. పాతబడిన బ్యాండ్ సాగదీయగానే పుటుక్కున తెగుతుంది. వాడేముందు పక్కన ఒకటి లాగి చూడండి.

క్లిప్ కణితి మీద కరిపించవచ్చా?

వద్దు. మార్కుకీ కోతకీ మధ్య ఉన్న ఆరోగ్యమైన మ్యూకోసా అంచు ఉన్నది అందుకే. క్లిప్ పళ్లు కణితిని నలిపితే ఆ చోట పాథాలజిస్టు ఏమీ చెప్పలేరు. అంచు ఇరుకుగా ఉందని ముందే తెలిస్తే, క్లిప్ పెట్టబోయే వైపు కోతని కాస్త బయటికి జరపండి. ఈ ఆలోచన మార్కులు వేసేటప్పుడే రావాలి.

ఎంత గట్టిగా లాగాలి?

నేర్చుకునేవాళ్లు అనుకునేదానికన్నా చాలా తక్కువ. బలం కంటే దిక్కు ముఖ్యం. సరైన దిక్కులో చిటికెడు బలం చాలు, తప్పు దిక్కులో ఎంత లాగినా దారి తెరుచుకోదు.

ఎక్కువ లాగితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఇండిగో కార్మైన్ కలిపిన ఇంజెక్షన్ వల్ల సబ్‌మ్యూకోసా నీలంగా ఉంటుంది. కండర పొర తెల్లగా, అడ్డంగా పోగులు తీరి ఉంటుంది. మామూలుగా అది తెర కింద భాగంలో చదునుగా పడుకుని ఉంటుంది. బిగువు మితిమీరితే నీలం మధ్యలో ఒక తెల్లని గట్టు పైకి లేస్తుంది. అది సబ్‌మ్యూకోసా పోగుల కట్ట అనుకుని నైఫ్ పెడతారు. అది పైకి లాగబడిన కండరం. చదునైన గోడ మీద సమాంతరంగా నడుస్తున్న నైఫ్, ఆ గట్టు దగ్గర మాత్రం గోడని నిలువునా కోస్తుంది. ట్రాక్షన్ వాడుతూ పడే చిల్లుల్లో పెద్ద భాగం ఇలాంటివే.

కాబట్టి తెల్లగా లేచింది ఏది కనిపించినా ముందు బిగువు తగ్గించండి. దారమైతే వదలండి, బ్యాండయితే గాలి తీయండి. గట్టు చదునైతే అది కండరం. మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చి, దాని పైగా, ఫ్లాప్ వైపు జరిగి కోయండి.

ఇంకా ఏమేం తప్పుతాయి?

క్లిప్ జారిపోవడం మొదటిది. అంచు సరిగ్గా విడదీయకపోవడమే సాధారణ కారణం. ఇంకో క్లిప్ పెట్టండి, కానీ అదే చోట కాదు. నలిగిన కణజాలం రెండోసారి అసలు ఆగదు.

దారం స్కోప్‌తో పాటు కదలడం రెండోది. స్కోప్ ముందుకి తోస్తే క్లిప్ వదులవుతుంది, వెనక్కి లాగితే ఒక్కసారిగా బిగుస్తుంది. దారం ఎక్కడో స్కోప్‌కి చుట్టుకుందన్నమాట. స్కోప్ తీయకుండా ఒక వైపు, ఆ తర్వాత రెండో వైపు మెల్లగా తిప్పి చూస్తే చాలాసార్లు విడిపోతుంది.

కరెంటు దారి తప్పడం చాలామంది మర్చిపోయే విషయం. నైఫ్ కొన లోహపు క్లిప్‌కో స్ప్రింగుకో తగిలిన స్థితిలో పెడల్ నొక్కితే కరెంటు క్లిప్ గుండా పోయి, అది కరిచిన చోటల్లా కాలుస్తుంది. ఎదురు గోడ మీద యాంకర్ క్లిప్ ఉంటే కాలేది అక్కడి ఆరోగ్యమైన గోడ. క్లిప్ దగ్గర పని చేసేటప్పుడు నైఫ్ లోహానికి దూరంగా ఉందని చూసుకున్నాకే నొక్కండి.

రక్తస్రావం విషయంలో ట్రాక్షన్ రెండువైపులా పదునున్నది. నాళాలు ముందే కనిపిస్తాయి, అది లాభం. కానీ సాగదీసిన నాళం సన్నబడి, రక్తం తగ్గి, మామూలు పోగులా కనిపిస్తుంది. బిగువుగా ఉండటంతో మాడకముందే తెగిపోతుంది. నిలువుగా లేచిన ప్రతి పోగుని అనుమానించి, లావుపాటివి కనిపిస్తే కోగ్యులేషన్ ఫోర్సెప్స్‌తో ముందే మాడ్చండి.

పాత మచ్చ, ఫైబ్రోసిస్ ఉన్న కణితిలో ట్రాక్షన్ మంచిదేనా?

మంచిదే, కానీ అదే అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. ఇంతకుముందు పలుమార్లు బయాప్సీ తీసినా, సగం తీసి వదిలేసినా, చోటు గుర్తుకోసం వేసే టాటూ ఇంకు కణితి కింద పడినా సబ్‌మ్యూకోసా గట్టిపడి కండరానికి అతుక్కుంటుంది. లాగితే రెండూ కలిసే లేస్తాయి. పెద్ద గుబ్బలున్న రెక్టమ్ కణితుల్లో ఫైబ్రోసిస్ లేకుండానే కండరం కణితి వైపు లాగబడి ఉంటుంది. అక్కడా ఇదే జాగ్రత్త. మచ్చకి రెండు పక్కలా మామూలు సబ్‌మ్యూకోసాని ముందు పూర్తిగా విడదీసి, కండరం ఏ మట్టంలో ఉందో రెండువైపులా చూసుకుని, ఆ రెండు మట్టాల్నీ కలిపే ఊహాగీత మీద మధ్యలో కోసుకుంటూ పోవాలి. అప్పటిదాకా బిగువు తక్కువగా ఉంచాలి.

పాకెట్ పద్ధతి చేస్తే ట్రాక్షన్ అక్కర్లేదంటారు, నిజమేనా?

చాలావరకు. జపాన్‌లోని జిచి మెడికల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆ పద్ధతిలో చుట్టూ కోయరు. ఒకవైపు చిన్న కోత పెట్టి, కణితి కింద సంచిలా తొలుస్తూ పోతారు. అంచులు కోయలేదు కాబట్టి ఫ్లాపే సాగి ఉంటుంది, క్యాప్ లోపల ఆనుతుంది, ఉబ్బించిన ద్రవం బయటికి కారిపోదు. సెలైన్ నింపి చేస్తే నీటి తేలింపు కూడా కలిసొస్తుంది. అయితే పక్క అంచులు తెరిచే చివరి దశలో ఫ్లాప్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు ఒక క్లిప్ ట్రాక్షన్ పెట్టుకునేవాళ్లున్నారు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న పట్టుదల అనవసరం.

అయస్కాంతాలు, రెండు స్కోపులు, రోబోలు ఏమయ్యాయి?

2004 ప్రాంతంలో జపాన్‌లో బయటి నుంచి పెద్ద అయస్కాంతంతో లోపలి క్లిప్‌ని లాగారు. దిక్కు ఎటైనా మార్చుకోవచ్చు, ఆలోచన చక్కటిది. కానీ ఆ యంత్రం గది నిండా ఉండేది. పొట్ట గోడ గుండా సూది దూర్చి లాగిన ప్రయత్నమూ ఉంది. రెండు స్కోపులు పెడితే రెండు టవర్లు, ఇద్దరు డాక్టర్లు కావాలి. గొంతులో రెండూ ఒకదానికొకటి అడ్డం.

రోబో కథకి మాత్రం మన ఊరితో సంబంధం ఉంది. సింగపూర్‌లో తయారైన మాస్టర్ అనే రోబోకి స్కోప్ కొనన రెండు చేతులుంటాయి: ఒకటి పట్టుకునేది, ఒకటి కోసేది. అంటే ఎండోస్కోపిస్టుకి లేని ఎడమచెయ్యే. దాంతో మనుషుల్లో తొలిసారి కడుపు ఈఎస్‌డీలు చేసింది హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలోనూ, హాంకాంగ్‌లోనూ. మొత్తం 5 మంది రోగుల ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. రోజువారీ పనిలో మాత్రం ఇప్పటికీ క్లిప్పు, దారం, రబ్బరుదే రాజ్యం.

నేర్చుకునేటప్పుడు మొదటి నుంచీ ట్రాక్షన్ వాడాలా?

జపాన్‌లో యాంట్రమ్‌లోని చిన్న కణితులతో మొదలుపెడతారు. మన దగ్గర కడుపు క్యాన్సర్ తొలిదశలో దొరికేది తక్కువ, స్క్రీనింగ్ లేదు. అందువల్ల మొదటి కేసులు రెక్టమ్‌లో వచ్చే అవకాశం ఎక్కువ. యూరోపియన్ ఎండోస్కోపీ సొసైటీ మనుషుల మీదికి పోయేముందు జంతు నమూనాల మీద కనీసం 20 ఈఎస్‌డీలు చేయమంటుంది. పంది కడుపు మీద సగం కేసులు ట్రాక్షన్ లేకుండా, సగం దానితో చేయండి. లేకుండా చేస్తే క్యాప్, గురుత్వాకర్షణ అలవాటవుతాయి. దానితో చేస్తే క్లిప్ పెట్టే చెయ్యి కుదురుతుంది. రోగి మీద మొదటిసారి దారం ముడి వేసే పరిస్థితి రాకూడదు.

చివర్లో ట్రాక్షన్‌ని ఎలా విడదీయాలి? ముక్కని ఎలా పంపాలి?

యాంకర్ దగ్గర నైలాన్ ఉంగరాన్నో బ్యాండునో కత్తెరతోనో నైఫ్‌తోనో తెంపాలి. స్ప్రింగు లోహం కాబట్టి దానికి నైఫ్ తగలనివ్వకండి. లేదా ఫోర్సెప్స్‌తో యాంకర్ క్లిప్ పట్టి మెల్లగా ఊడదీయాలి. ఊడిన చోట మ్యూకోసా చిరిగిందేమో ఒకసారి చూడాలి. దారమైతే ముక్క దాంతోపాటే పైకి వస్తుంది, కానీ గొంతు సన్నని చోట చిరగకుండా ఫోర్సెప్స్‌తోనో నెట్‌తోనో పట్టుకుని తీయాలి.

ముక్కని ఆరనివ్వకుండా థర్మోకోల్ లేదా కార్క్ మీద పిన్నులతో పరిచి ఫార్మాలిన్‌లో వేయాలి. క్లిప్ ఎక్కడ ఉండిందో ఫారం మీద బొమ్మ గీసి రాయాలి. లేకపోతే ఆ నలిగిన చోటు చూసి పాథాలజిస్టు అంచులో కణితి ఉందో లేదో తేలలేదని రాసే ప్రమాదం ఉంది. క్యాన్సర్ సబ్‌మ్యూకోసాలోకి ఎంత లోతు దిగిందో మైక్రాన్లలో కొలుస్తారు. కడుపులో 500, పెద్దపేగులో 1000 మైక్రాన్ల గీత మీద ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఆధారపడుతుంది. లాగి చింపిన అడుగుభాగంలో ఆ కొలత కుదరదు.

టెక్నీషియన్ ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

క్లిప్పులు కనీసం నాలుగు, అందులో ఒకటి తిరిగి తెరవగలిగే రకం. దారం ముందే కోసి పెట్టినది. కత్తెర, ఆర్టరీ ఫోర్సెప్స్, లూప్ కటర్. చిల్లు పడితే వెంటనే మూయడానికి విడిగా ఇంకో అరడజను క్లిప్పులు; ట్రాక్షన్‌కి తెచ్చినవి అప్పటికే అయిపోయి ఉంటాయి. డాక్టర్‌తో మాటలు ముందే అనుకోండి. "లాగు" అంటే మెల్లగా ఒక సెంటీమీటరు, "వదులు" అంటే పూర్తిగా వదిలేయడం. సగం వదలడం అనే మాట ఉండకూడదు.

రోగి ప్రశ్న: క్లిప్పుతో లాగుతుంటే నొప్పి ఉంటుందా? క్లిప్ లోపలే ఉండిపోతుందా?

మత్తులో ఉంటారు, తెలియదు. కణితి మీద పెట్టిన క్లిప్ ముక్కతోపాటే బయటికి వస్తుంది. ఎదురు గోడ మీదిది ఉండిపోతే కొన్ని వారాల్లో దానంతటదే ఊడి మలంలో పోతుంది. ఈలోగా ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే క్లిప్ ఉందని స్కానింగ్ వాళ్లకి తప్పక చెప్పండి. కొన్ని రకాలకి ఇబ్బంది లేదు, కొన్నింటికి ఉంది. డిశ్చార్జి కాగితం మీద క్లిప్ పేరు రాయించుకోండి.

ఇంటికి వెళ్లాక ఏం జాగ్రత్త?

కణితి తీసిన చోట పుండు ఉంటుంది. కడుపులోదైతే యాసిడ్ తగ్గించే మాత్రలు సాధారణంగా సుమారు 8 వారాలు వేసుకోవాలి, బాగుందని మధ్యలో మానకూడదు. ఒంటినొప్పులకి మందులషాపులో సొంతంగా పెయిన్‌కిల్లర్ కొనుక్కోవద్దు. గుండెకి రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవాళ్లు వాటిని ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో డాక్టర్ని అడిగి రాయించుకోవాలి. సొంత నిర్ణయంతో మానడమూ, వేసుకోవడమూ రెండూ ప్రమాదమే. కారం, మసాలా కొన్నాళ్లు తగ్గించి, మొదటి రోజుల్లో జావ, మెత్తటి పెరుగన్నం లాంటివి డాక్టర్ చెప్పిన వరుసలో తీసుకోండి.

మలం తారులా నల్లగా వచ్చినా, ఎర్రటి రక్తం పడినా, రక్తపు వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినట్టున్నా, పొట్ట బిగుసుకుని నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఉదయం దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, వీలైతే ఈఎస్‌డీ చేసిన చోటికే. దూరం ఎక్కువైతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి, ఏ రోజున ఏ భాగంలో ఈఎస్‌డీ జరిగిందో డిశ్చార్జి కాగితం చూపించండి.